ఏడు వేలు పెట్టి చిల్లుల డబ్బా కొన్నాను

టప్పుమని ఒక్కటే చప్పుడు. చూసుకునేసరికి చేతిలో అద్దం లేదు. నేలంతా పటికబెల్లం పలుకులు చల్లినట్టు గాజు.

ఏప్రిల్ నెల, రాత్రి పదిన్నర. కంప్యూటర్ పక్క అద్దం విప్పి లోపల దుమ్ము తుడుద్దామని, ఆ అద్దాన్ని పసిపిల్లని దింపినట్టే దింపి గోడకి ఆనించబోయాను. అంచు టైలుకి తగిలింది, అంతే సంగతి. టెంపర్డ్ గ్లాసు మధ్యలో చేత్తో బాదినా ఓర్చుకుంటుంది గానీ, అంచుకి పింగాణీ టైలు తగిలితే ఓర్చుకోదని ఆ తర్వాత తెలుసుకున్నాను. కింద ఒక తువ్వాలు పరిచి ఉంటే పోయేది కాదు. "ఏం పగలగొట్టావురా?" అని పక్క గదిలోంచి అమ్మ. "సీపీయూ అద్దమమ్మా" అన్నాను. మా ఇంట్లో మొత్తం డబ్బా పేరు సీపీయూనే. లోపల బిస్కెట్టంత చిప్పు ఒకటుంటుంది, సీపీయూ అంటే అదీ అని రెండు మూడుసార్లు చెప్పి మానేశాను.

చేటా చీపురూ పట్టుకుని ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, ఆ కోపంలో ఇంకేం తోచక అద్దం లేకుండానే కంప్యూటర్ ఆన్ చేసి సైబర్‌పంక్ 2077 పెట్టాను. అరగంట ఆడాక ఏదో తేడాగా అనిపించింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. రోజూ అయితే ఆ పాటికి, ఆటలో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు పిండిమర మొదలెట్టినట్టు మొదలెట్టేవి. అమ్మ టీవీ సౌండు పెంచేది, నేను హెడ్‌ఫోన్స్ సౌండు పెంచేవాణ్ణి. ఆ రాత్రి ఆ గొడవే లేదు.

నేను భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రొయ్యల చెరువుల నీళ్ళు సీసాల్లో వస్తాయి. పీహెచ్, ఉప్పు, అమ్మోనియా చూసి కాగితం మీద రాసిస్తాం. కొన్ని రోజులు తెల్లారకుండానే చెరువు గట్టు మీదకెళ్ళి నీళ్ళలో ఆక్సిజన్ కొలవాలి. దాన్ని అందరూ డీవో అంటారు, సూర్యుడు రాకముందే అది అన్నిటికన్నా తక్కువుంటుంది. ఈ ఉద్యోగం వల్ల నాకొక జబ్బు పట్టుకుంది. కొలవందే ఏదీ నమ్మను. ఇంట్లో గోడకి గది వేడి, తేమ చూపించే చిన్న మీటరు కూడా ఉంది. అందుకని ఆ రాత్రే నోట్‌బుక్ తీశాను.

నా కంప్యూటర్ ఘనమైనదేం కాదు. రైజెన్ 5 5600 ప్రాసెసరు (ఇందాకటి బిస్కెట్టంత చిప్పు ఇదే), దాంతో పాటు పెట్టెలో వచ్చిన బుల్లి కూలరే, ఆర్టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మా ఫ్రెండు ఒక్కో పార్టూ కొని, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో సంచిలో పెట్టుకుని తెచ్చిచ్చాడు. అన్నీ సరుకు చూసి కొన్నవే. డబ్బా ఒక్కటే నేను అందం చూసి కొన్నాను. ముందు వైపు నల్లద్దం, దాని వెనక మూడు ఫ్యాన్లు, వాటికి రంగురంగుల లైట్లు. సంక్రాంతి తీర్థంలో రంగులరాట్నం లాగా ఉండేది.

నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. అద్దం పగలకముందు వారం, గది 33 డిగ్రీలున్నప్పుడు, గ్రాఫిక్స్ కార్డు 83కి చేరి అక్కడే నిలబడేది. నిలబడింది కదా, పరవాలేదు అనుకునేవాణ్ణి. అదే తప్పు. 83 ఆ కార్డు తనకి తాను పెట్టుకున్న గిరి. దాన్ని దాటాల్సి వస్తే వేగం తగ్గించుకుంటుంది. అంటే వేడి అంకె కదలదు, ఫ్యాన్లు మాత్రం గింజుకుంటాయి, ఆటలో వేగం మెల్లమెల్లగా జారిపోతుంది. పగిలిన రాత్రి కూడా గది 33 డిగ్రీలే. కార్డు 75. ఎనిమిది డిగ్రీలు, పైసా ఖర్చు లేకుండా. పైసా ఖర్చు లేకుండా అనకూడదేమో, అద్దం పోయింది కదా.

మర్నాడు ఆదివారం. న్యూస్‌పేపరు సన్నగా చీలిక చింపి, డబ్బా ముందువైపు పక్కనున్న సందు దగ్గర పట్టుకున్నాను. ఆ ముందద్దానికి గాలి పీల్చుకునే దారి అదొక్కటే, రెండు పక్కలా వేలు మందం సందు. లోపల మూడు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పేపరు చీలిక ఊగీ ఊగనట్టు ఊగింది. ముందద్దం కూడా ఊడబెరికి అదే చీలిక ఫ్యానుకి ఎదురుగా పెడితే చటుక్కున అతుక్కుపోయింది. ఫ్యాన్ల తప్పేం లేదు. గడియేసిన కిటికీకి వెనక టేబుల్ ఫ్యాను పెట్టుకుని గాలి రాలేదని ఏడిస్తే ఎవడేం చేస్తాడు? పైగా బయట గాలి అందనప్పుడు ఆ ఫ్యాన్లు ఊరుకోవు. ఫ్రేము సందుల్లోంచి లోపలి వేడిగాలినే వెనక్కి లాక్కుని మళ్ళీ లోపలికే తోస్తాయి.

గ్రాఫిక్స్ కార్డు 170 వాట్లు, ప్రాసెసరు గట్టిగా పనిచేస్తే ఓ 75, బోర్డూ డిస్కులూ అన్నీ కలిపితే 280 వాట్ల దాకా. పాతకాలం వంద వాట్ల బల్బులు మూడు పెట్టెలో పెట్టి మూతేసినట్టు. ఇప్పటి కార్డుల్లో చాలావాటికి ఫ్యాన్లు నేరుగా హీట్‌సింకు మీదకి, అంటే వేడి లాగే రేకుల దిమ్మ మీదకి ఊదుతాయి, ఆ వేడిగాలి డబ్బాలోకే చిమ్ముతుంది, వెనక నుంచి పోయేది కొంచెమే. ఆ కార్డుకి సరిగ్గా పైనే ప్రాసెసరు కూలరు. కింది వాటాలో వంట చేస్తే పై వాటాకి సెగ తగిలినట్టు, కార్డు వదిలిన వేడే అది పీలుస్తుంది.

మరి పక్క తలుపు తీసేసి అలాగే ఆడుకోవచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకుని మూడు వారాలు అలాగే ఉంచాను. మా ఊరు మీకు తెలియదు. ఏప్రిల్ అంటే దాళ్వా కోతలు, రెండో పంట వరి. మిషన్లు చేలో దిగాయంటే గడ్డి నుసి గాల్లో తేలుతూ వచ్చి మంచినీళ్ళ బిందె మీద కూడా తెట్టు కడుతుంది. ధాన్యం ఆరబోసేది మా ఇంటి ముందు రోడ్డు మీదే. దానికి తోడు చుట్టూ చెరువులు, గాల్లో ఎప్పుడూ తేమ, మా గది మీటరులో రాత్రిపూట 80 శాతం తగ్గడం అరుదు. పొడి దుమ్మయితే ఉఫ్ అంటే పోతుంది. మా దుమ్ము తేమ తాగి హీట్‌సింకు రేకుల మధ్య అట్ట కడుతుంది. పెయింటు బ్రష్షు పెట్టి గీకాల్సిందే. మూడో వారంలో ఒకరోజు పొద్దున్న చూస్తే గ్రాఫిక్స్ కార్డు వీపు మీద బల్లి పడుకుని ఉంది, వెచ్చగా ఉందని. అది ఫ్యాన్లో పడితే నాకు పాపం, కార్డుకి నష్టం. అదే రోజు కొత్త డబ్బా వేట మొదలెట్టాను.

యూట్యూబులో డబ్బాల రివ్యూలు చూస్తే మొదట్లో మతి పోయింది. వాళ్ళ కార్డులు 62, 65 డిగ్రీలు చూపిస్తున్నాయి, నాదేమో 83. తీరా చూస్తే వాళ్ళ గది 21 డిగ్రీలు! గాలితో చల్లబరిచేది ఏదైనా ఆ గాలి కన్నా చల్లగా ఉండలేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపల కూడా సుమారుగా అన్నే పెరుగుతాయి. కాబట్టి వాళ్ళ 65ని మా రోహిణి కార్తెలోకి తెస్తే 80. నేను అప్పటినుంచి అంకె చూడ్డం మానేసి, గది మీద ఎంత ఎక్కువ అన్నదే రాసుకోవడం మొదలెట్టాను. పాత డబ్బా మూసినప్పుడు 50 ఎక్కువ, తెరిచినప్పుడు 42 ఎక్కువ. ఈ పద్ధతిలో రాసుకుంటే శీతాకాలంలో కొలిచిందీ ఎండాకాలంలో కొలిచిందీ ఒకే తక్కెడలో తూచొచ్చు. డబ్బా మంచిదా కాదా అని మా బోటి ఊళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలంటే ఇదొక్కటే దారి.

తణుకు నుంచి మా బావ ఫోన్ చేశాడు. వాడికి అన్నీ తెలుసు. "వాటర్ కూలరు పెట్టించు బావా, దరిద్రం వదిలిపోద్ది" అన్నాడు. ప్రాసెసరుకి వాటర్ కూలరు పెడితే గ్రాఫిక్స్ కార్డుకేం ఒరుగుతుందిరా అంటే సమాధానం లేదు. నీళ్ళయినా చివరికి రేడియేటరు దగ్గర వేడిని వదిలేది గాలికే, ఆ గాలి వచ్చేది ఆ డబ్బాలోంచే. పేరుకి 65 వాట్ల ప్రాసెసరు, దానికి అంత హంగామా అవసరం లేదు. "అయితే ఇంకో మూడు ఫ్యాన్లు కొట్టు" అన్నాడు. ఇదిగో, ఈ మాట దగ్గర నాకు చెరువు గుర్తొచ్చింది.

ఆ వారమే కాళ్ళ వైపు ఒక వనామీ రొయ్యల చెరువుకెళ్ళాను. రైతు లబోదిబోమంటున్నాడు. నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఎనిమిది పెట్టాడు, అయినా ఒక మూల డీవో రావట్లేదు, అక్కడ రొయ్య తేలుతోంది. పక్క చెరువాయన పెద్ద వయసు మనిషి, చుట్ట తీసి పక్కన పెట్టి అన్నాడు: "ఎన్ని పెట్టావని కాదబ్బాయ్, ఏ మూల ఏటేపు తిప్పి పెట్టావో చూసుకో. నీయి రెండు ఎదురెదురుగా కొట్టుకుంటన్నాయి." నిజమే. ఏరేటర్లన్నీ ఒకే వరసలో నీటిని తోస్తే చెరువు మొత్తం గిర్రున తిరుగుతుంది, చెత్త మధ్యకి చేరుతుంది. ఎదురెదురు పెడితే కరెంటు బిల్లు పెరుగుతుంది, మూలన నీళ్ళు మాత్రం చచ్చిపడి ఉంటాయి. రెండు ఏరేటర్లు జరిపి పెట్టారు, మూడో రోజుకి ఆ మూల డీవో లేచింది. డబ్బా కూడా చెరువే. గాలి ఒకవైపు నుంచి రావాలి, వేడి వస్తువుల మీదుగా నడవాలి, ఇంకోవైపు నుంచి పోవాలి. మధ్యలో ఎవరూ దాన్ని తన్నకూడదు.

పోయే దారి కూడా రావడమంత ముఖ్యం, అది డెల్టా వాళ్ళకి చెప్పక్కర్లేదు. కాలవలో నీళ్ళు రాకపోతే ఒక బాధ. యనమదుర్రు డ్రెయిన్ ఆ నీళ్ళు తీసుకోకపోతే చేలన్నీ రోజుల తరబడి మునిగే ఉంటాయి, అది ఇంకో బాధ.

వేట దగ్గరికొస్తాను. నేను పెట్టుకున్న షరతులు మరీ ఎక్కువేం కాదు. ముందువైపు అద్దం ఉండకూడదు. అద్దమే కాదు, నున్నటి రేకు కూడా వద్దు, కంటికి చిల్లులు కనపడాలి. రెండోది, ఆ ముందు భాగం స్క్రూడ్రైవరు లేకుండా ఊడి రావాలి, లోపల ఫిల్టరు చేత్తో లాగితే బయటికి రావాలి. నా దృష్టిలో ఇది ఫ్యాన్ల కన్నా పెద్ద విషయం. ఫిల్టరు తీయడానికి డబ్బాని బోర్లా పడుకోబెట్టాల్సి వస్తే మొదటి నెల తీస్తాం, రెండో నెల తీయం. మూడో నెలకి ఆ డబ్బాకి ముందు అద్దం ఉన్నట్టే లెక్క. మూడోది 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టే చోటు. 120 ఫ్యాను కన్నా 140 ఫ్యాను వైశాల్యం మూడో వంతు పైచిలుకు ఎక్కువ, అదే గాలిని నిదానంగా తిరిగి ఇస్తుంది, చప్పుడు తక్కువ. గ్రాఫిక్స్ కార్డు పొడవూ కూలరు ఎత్తూ పడతాయా లేదా అన్నది టేపు పెట్టి చూసుకోవాల్సిందే, దాని గురించి రాసేదేం లేదు.

మనసు పడ్డవి రెండు మూడున్నాయి. ఫ్రాక్టల్ నార్త్ అని ఒకటి, ముందువైపు చెక్క పలకలు నిలువుగా, మధ్యలో సందులు, పాతిళ్ళ కటకటాల వసారాలాగా ఎంత బాగుందో. మా తేమకి ఆ చెక్క ఏమవుతుందో అని కాదుగానీ, నా బడ్జెట్టుకి అది చుట్టాలింట్లో పట్టుచీర. అదే కంపెనీ టొరెంట్ అయితే ముందు రెండు 180 ఫ్యాన్లు, అడుగున మూడు 140 ఫ్యాన్లు, పవర్ సప్లైని తీసుకెళ్ళి పైన పెట్టారు. గాలి కోసమే పుట్టిన డబ్బా. దాని ధరలో నాకింకో గ్రాఫిక్స్ కార్డులో సగం వస్తుంది. లియాన్ లీ ల్యాన్‌కూల్ 216కి ముందు రెండు 160 ఫ్యాన్లొస్తాయి, దాని దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి ఏడు వేల చిల్లరకి దొరికిందని కోర్సెయిర్ 4000డీ ఎయిర్‌ఫ్లో తీసుకున్నాను. ముందంతా త్రికోణం చిల్లుల ఇనప రేకు, చేత్తో లాగితే ఊడొస్తుంది, వెనక ఫిల్టరు. రెండు 120 ఫ్యాన్లు దాంతోనే వస్తాయి. ముందు మూడు 120లు గానీ రెండు 140లు గానీ పడతాయి.

డబ్బా ఇంటికొచ్చాక నాన్న చుట్టూ తిరిగి చూశారు. "ఏడు వేలు పెట్టి చిల్లుల డబ్బా కొన్నావా? మన మిల్లులో అడిగితే జల్లెడ రేకు ఊరికే ఇచ్చేవాళ్ళు కదరా" అన్నారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు.

ఈసారి పక్క అద్దం విప్పగానే మంచం మీద పరుపు మధ్యలో పడుకోబెట్టి దుప్పటి కూడా కప్పాను. ముందు రెండు 140 ఫ్యాన్లు కొత్తవి బిగించాను, లోపలికి ఊదేలా. ఏ ఫ్యానయినా సాధారణంగా నాలుగు కాళ్ళ ఫ్రేమున్న వైపుకి గాలి వదులుతుంది, తెరిచి ఉన్న వైపు నుంచి పీలుస్తుంది. అనుమానముంటే పేపరు చీలిక ఉండనే ఉంది. వెనక ఒక 120, బయటికి. డబ్బాతో వచ్చిన రెండో ఫ్యానుని పైన పెట్టాను, ఇక్కడే ఒక పొరపాటు చేశాను. పైన ముందువైపుకి పెట్టాను, చూడ్డానికి బాగుందని.

ఫ్యాన్ల వైర్ల గురించి ఒక మాట. పాత డబ్బాలో ఫ్యాన్లకి నాలుగు పెద్ద పిన్నుల మోలెక్స్ ప్లగ్గులుండేవి, నేరుగా పవర్ సప్లైకి. అంటే ఎప్పుడూ పూర్తి వేగమే, తగ్గించే దారి లేదు. ఇప్పుడు కొన్నవి నాలుగు చిన్న పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాన్లు, మదర్‌బోర్డుకి తగిలిస్తే వేడిని బట్టి వేగం అదే మార్చుతుంది. కొనేముందు ప్లగ్గు ఏ రకమో చూసుకోండి. చవక డబ్బాలో "ఆరు ఫ్యాన్లు ఉచితం" అని ఉంటే ముందు చూడాల్సింది ఆ ప్లగ్గే.

ఇక పరీక్ష. దేవుడి గూట్లోంచి రెండు అగరొత్తులు తెచ్చాను. సీలింగ్ ఫ్యాను ఆపి, కిటికీ మూసి, లైటు తీసేసి ఫోన్ టార్చి పక్కనుంచి వేశాను. అగరొత్తి డబ్బా ముందు జానెడు దూరంలో పట్టుకుంటే పొగ నిటారుగా లేచి, లేచి, ఒక్కసారి నడుం విరిగినట్టు వంగి చిల్లుల్లోకి దూరిపోయింది. పక్క అద్దంలోంచి చూస్తున్నాను. కింది ఫ్యాను పొగ గ్రాఫిక్స్ కార్డు కిందకెళ్ళి మాయమైంది. సరే. పై ఫ్యాను పొగ మాత్రం రెండంగుళాలు లోపలికొచ్చి, ప్రాసెసరు వైపు పోకుండా పైకి తిరిగి, నేను పైన ముందువైపు పెట్టిన ఫ్యానులోంచి బయటికెళ్ళిపోయింది. చల్లటి గాలి గుమ్మంలోకొచ్చి, ఇంట్లోకి రాకుండానే వీధిలోకి పోయింది! కాళ్ళ చెరువులో ఎదురెదురు ఏరేటర్లు ఇవే కదా. ఆ ఫ్యాను విప్పి పైనే వెనక చివరికి, ప్రాసెసరు నెత్తి మీదకి జరిపాను. మళ్ళీ అగరొత్తి. ఈసారి పొగ కూలరు దాకా సాగి, దాని చుట్టూ చెదిరి, వెనకనుంచి పోయింది. అరగంట ఆట పెట్టి చూస్తే ప్రాసెసరు నాలుగు డిగ్రీలు దిగింది. అదే ఫ్యాను, అదే వేగం, జరిగింది జానెడు.

"దేవుడికి పెట్టమంటే బద్ధకం, సీపీయూకి మాత్రం ధూపం" అని అమ్మ గుమ్మంలో నిలబడి అంది.

లోపలికి రెండు 140లు, బయటికి రెండు 120లు. లోపలికొచ్చేది కొంచెం ఎక్కువ, పోయేది తక్కువ ఉండాలని కావాలనే అలా పెట్టాను. అప్పుడు మిగతా సందుల్లోంచి గాలి బయటికి తోసుకుపోతుంది గానీ దుమ్ముని లోపలికి పీల్చదు. వచ్చే గాలంతా ఫిల్టర్లోంచే రావాలి. గట్టిగా లాగే ఫ్యాన్లన్నీ బయటికే పెడితే వేడి పోతుంది, నిజమే, కానీ ఫిల్టరు లేని ప్రతి కంతలోంచీ మా దాళ్వా నుసి దర్జాగా నడిచొస్తుంది. పొడి ఊళ్ళో ఉన్నవాళ్ళకి అది నడుస్తుందేమో.

డబ్బాని నేల మీద పెట్టలేదు. పవర్ సప్లై అడుగునుంచి గాలి పీలుస్తుంది, అమ్మ తడిగుడ్డ పెట్టేది అక్కడే, చీమల బారు పోయేదీ అక్కడే. పాత చెక్క పీట ఒకటి వేసి దాని మీద పెట్టాను, అడుగున ఉన్న గాలి కంత మూసుకుపోకుండా అంచులు పీట మీద ఆనేలా. వెనక గోడకి జానెడున్నర ఎడం.

అంతా అయిపోయిందనుకున్న పదిరోజులకి వేడి మళ్ళీ మూడు డిగ్రీలు పెరిగింది. గది అంతే, ఆట అంతే. నోట్‌బుక్ తప్పేమో అనుకున్నాను. తల తిప్పి చూస్తే డబ్బా నెత్తి మీద తెల్లటి లేసు గుడ్డ. అమ్మమ్మది నర్సాపురం. అమ్మకి క్రోషా అల్లడం అక్కడే అబ్బింది. మా ఇంట్లో టీవీకీ ఫ్రిజ్జుకీ మిక్సీకీ అందరికీ లేసు టోపీలున్నాయి, కొత్త సీపీయూకి మాత్రం ఎందుకుండకూడదని మధ్యాహ్నాలు కూర్చుని అల్లింది. మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు, చుట్టూ గవ్వల అంచు. కళ్ళజోడు లేకుండా అల్లినా ఒక్క ముడి కూడా తప్పిపోలేదు. తీసేయమని ఎలా చెప్పడం?

"గాలి పోయే దారమ్మా అది" అన్నాను.

"అన్నీ చిల్లులే కదరా, నువ్వు కొన్నదానికీ నేనల్లినదానికీ తేడా ఏంటి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు, అగరొత్తి ఉంది. ముందు పొగ పెట్టి చూపించాను. లేసు ఉన్నప్పుడు పై ఫ్యానులోంచి వచ్చిన పొగ గుడ్డ కింద కమ్ముకుని, పక్కలకి పాకి, అంచుల గవ్వల్లోంచి నీరసంగా లేచింది. గుడ్డ తీస్తే జువ్వలా పైకి పోయింది. అమ్మ రెండుసార్లు గుడ్డ వేయించి, తీయించి చూసింది. "పువ్వు దగ్గర నూలు దగ్గరగా పడింది, అందుకే" అని తేల్చింది. తప్పు లేసుది కాదు, పువ్వుదన్నమాట. ఇప్పుడా గుడ్డ మానిటరు మీద ఉంది, సగం ముందుకి వేలాడుతూ. ఆట ఆడేటప్పుడు పైకి మడుచుకుంటాను.

మే నెలాఖరు లెక్కలు, అడుగుతారని రాస్తున్నాను. గది 35 డిగ్రీలు, గంటసేపు ఆట. గ్రాఫిక్స్ కార్డు 74, అంటే గది మీద 39 ఎక్కువ. పాత డబ్బాలో ఇదే 50. ప్రాసెసరు 85 దగ్గర కొట్టుకునేది, ఇప్పుడు 76. చప్పుడు అంకెల్లో చెప్పడానికి నా దగ్గర మీటరు లేదు, అమ్మ టీవీ సౌండు 24 నుంచి 15కి దిగింది. వేగం 83 దగ్గర జారిపోవడం అనేది లేదు.

ఒక్కటి మాత్రం ఎవరూ ముందే చెప్పరు. డబ్బా చల్లబడింది, గది చల్లబడలేదు. ఆ 280 వాట్లు ఎక్కడికీ పోలేదు, ఇదివరకు లోపల ఉడికేవి, ఇప్పుడు నా మోకాళ్ళ మీదకి సజావుగా వస్తున్నాయి. రాత్రి రెండు గంటలు ఆడితే గది మీటరు ఒకటిన్నర డిగ్రీ పైకి పోతుంది. కిటికీ తీసుకుంటే దోమలు, ఏసీ వేసుకుంటే బిల్లు. ఏసీ గదిలో పెట్టేవాళ్ళకి ఒక సంగతి. కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ గది కన్నా వెచ్చగానే ఉంటుంది కాబట్టి దాని మీద తేమ పట్టదు. ఆపేసి, గంటల తరబడి ఏసీలో చల్లబడి, ఆ తర్వాత ఎవరో తలుపులు బార్లా తీసినప్పుడే భయం. చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టు ఇనుముకీ పడుతుంది. మా చెరువుల గాలికి స్క్రూలు తుప్పు పట్టేది అలాగే. అలాంటప్పుడు ఆన్ చేయడానికి ఓ గంట ఆగుతాను.

ఇక ఫిల్టరు. మామూలు రోజుల్లో నెలకోసారి, కోతలప్పుడు ప్రతి ఆదివారం. ముందు రేకు లాగి, ఫిల్టరు తీసి, బాత్రూములో కుళాయి కింద వెనకవైపు నుంచి నీళ్ళు పడతాను, ఇరుక్కున్న దుమ్ము వచ్చిన దారినే పోవాలి కదా. కిందటి దాళ్వాలో కారిన నీళ్ళు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి, వేలితో రుద్దితే గరుకు. సార్వా (మొదటి పంట) కోతల్లో కాస్త నల్లగా వచ్చాయి, గడ్డి తగలబెట్టిన మసి అనుకుంటాను. కడిగాక పూర్తిగా ఆరాలి, తడిదాన్ని పెడితే దుమ్ము మళ్ళీ అట్టే. మేడ మీద దండేనికి క్లిప్పు పెట్టి వదిలేస్తాను, అమ్మ చీరలకీ నాన్న పంచెకీ మధ్యన.

ఇప్పుడిది రాస్తుండగానే మేడ మెట్ల మీదనుంచి అమ్మ కేకేస్తోంది. "ఒరేయ్, తూర్పున మబ్బేసింది, నీ జల్లెడ తీసుకుపో!"